దుప్పట్ల కింది ఫారం

కర్నూలు, 2006 జూన్, ఆదివారం రాత్రి

సుధా, సైన్యంలో నర్సులకూ తుపాకి ఇస్తారని ఈ ముసలి జేజికి భయమని మధ్యాహ్నం నీ స్నేహితురాలితో అన్నావు. తప్పు. నర్సింగు చదువు కాగానే సైన్యంలో చేరే ఆ ఫారం పంపితే, అయిదేళ్లు నువ్వు వాళ్ల మనిషివి. నా భయం అది.

"ఆపరేషనుకు మత్తిచ్చే పని ఆడ బాగా నేర్పిస్తారు జేజీ. పేషెంటు కళ్లు తెరిచేదాకా తలాపునే ఉండల్ల," అన్నావు.

"నేను పాఠం చెప్తే క్లాసంతా నిద్రపోయేది. ఆ పని ఈడనే నేర్చుకో," అన్నాను.

నవ్వావు. రేపెప్పుడైనా నేను పడకేస్తే నా తలాపున ఎవరుంటారని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

నింపిపెట్టిన ఫారం కోసం సాయంత్రమంతా ఇల్లు గాలించావు. దాన్ని దుప్పట్ల కింద దాచింది నేనే.

రేపు పొద్దున్నే దాన్ని తీసి నేనే రిజిస్టరు పోస్టు చేయించాలి. ఎప్పటిలా కవరును అన్నం మెతుకులతో అంటించకుండా, బంక కొనాలి. దారిలో ఊడిపోతే సంతోషించే మనిషిని నేను.