బాపుకు ముల్లు గుచ్చింది

ఆదివారం రాత్రి, ఇబ్రహీంపట్నం

పన్ను పీకించినా బాపు దవడ వాపు తగ్గలేదు. చీము పట్టిందంటూ ముందు చూసిన డాక్టరు మింగించిన మాత్రలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒకరోజు చేప తింటుంటే ముల్లు గుచ్చుకుని కింది పెదవి నుంచి రక్తం కారింది. చెరువులో వల వేసి బతికిన మనిషికి ముల్లు గుచ్చిన సంగతే తెలియలేదు. అది చెప్పగానే హయత్‌నగర్ పళ్ల డాక్టరమ్మ, "పెదవి మొద్దుబారిందంటే ఇది వట్టి చీము కాదు" అని ఎముక ముక్క పరీక్షకు పంపింది. దవడ ఎముకలో అరుదైన క్యాన్సర్. మందుకు లొంగే రకమేనన్నారు.

కొన్ని కీమోలు అయ్యాయి, ఇంకా ఉన్నాయి. మళ్లీ వస్తుందేమోనన్న భయం కూడా...

ఇవాళ చేపల పులుసు తింటూ బాపు ఉలిక్కిపడి కింది పెదవి పట్టుకున్నాడు. "ముల్లు గుచ్చింది! జర చూసి వెయ్యరాదే?" అని అమ్మ మీద అరిచాడు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "మల్ల చెప్పు, ఏడ గుచ్చింది?"