పరీక్షించినట్టు సంతకం

బావా,

కొలతల కార్డుకు నువ్వు రాసిన డ్రైవరు ప్రోగ్రాం అందింది. కంప్యూటరును నడిపే కెర్నెల్‌లో చేర్చేవాళ్లకు పంపేముందు సరిచూడాల్సింది నేనే కదా, లైను లైనూ చదివాను. పనికిరాని లైన్లన్నీ ఏరేశావు, సంతోషం. చివర "నిన్న కార్డు మీదే పరీక్షించాను" అని సంతకం పెట్టావే, అదే నాకు మింగుడుపడలేదు. అక్కయ్యకు ఫోన్ చేస్తే, "నిన్నంతా మీ బావ ఆ కార్డుతోనే కుస్తీ పట్టారురా" అంది.

వంతెనల అదురును కొలిచే కార్డది. అంకె తప్పితే జనం ప్రాణాల మీదికొస్తుంది.

మనిద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే కార్డు. అడిగితే ఇవ్వవని, పోయిన నెల మీ ఇంటికొచ్చినప్పుడు చెప్పకుండా తెచ్చేసుకున్నాను. నీ సొరుగులో ఉన్నది ఖాళీ పెట్టె. తెరిచి చూసుకో.

ఇంతకీ నిన్నంతా దేనితో కుస్తీ పట్టావు?

నీ బావమరిది