జీడిమామిడి తోటలో పది రోజులు

శృంగవరపుకోట,
1968 మార్చి, గురువారం.

అత్తయ్యగారికి నమస్కరించి రాస్తున్నాను.

మీరు పంపితే మరిది నరసింగరావు నిన్న ఈ తోటకి వచ్చాడు. "పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మొగుడూ పెళ్ళాం పాకలో ఈ ఇడిది ఏటి వదినా? ఊరంతా నవ్వుతున్నాది. అమ్మ ఇప్పుడే రమ్మన్నాది" అన్నాడు. నేను నోరు విప్పేలోగా మీ అబ్బాయే, "నవ్వనీరా. పది రోజులని సెప్పే వచ్చాం, ఉండే వస్తాం" అన్నారు.

పద్నాలుగు మంది ఉన్న మన ఇంట్లో మేమిద్దరం పగటిపూట కూర్చుని మాట్లాడుకున్నది లేదు. నిరుడు శ్రావణంలో మా పాప పోయినప్పుడు కూడా నేను వంటింట్లో, ఆయన పొలంలో విడివిడిగా ఏడ్చాం. దాని పేరు ఎత్తొద్దని మీరన్నారు. ఎత్తలేదు.

ఇక్కడ మొదటి రోజు ఆయనే అన్నం వండి మాడబెట్టారు. నవ్వుతూ తింటున్న మనిషి ఉన్నట్టుండి, "మన గున్నమ్మ ఉంటే ఈ మాడుసెక్క నాకే అని పేసీ ఎట్టీది గదే" అని భోరుమన్నారు. పొద్దుగూకేదాకా దాని కబుర్లే చెప్పుకున్నాం. ఇన్నాళ్ళకి నాకు కంటినిండా నిద్ర పట్టింది.

అందుకే ఇప్పుడు రాము. సోమవారం మన ఊళ్ళో బస్సు దిగి, ఆయన వెనక కాదు, పక్కనే నడిచి వస్తాను. ఇంట్లో గున్నమ్మ పేరు పైకే పలుకుతాను. కోప్పడితే పడండి. కానీ మీరూ ఒక్కసారి పలికి చూడండి అత్తయ్యా.

మీ పెద్దకోడలు