జంట నక్షత్రం తూకం

ప్రియమైన అల్లుడికి,

ప్రియం ఏమీ లేదు. అలా మొదలుపెట్టకపోతే నా కూతురు బాధపడుతుందని రాశాను. ముప్పై ఏళ్లు అబ్జర్వేటరీలో టెలిస్కోపుకి నక్షత్రాల ఫొటోలు పడే గాజు పలకలు ఎక్కించి దించినవాణ్ణి. ఏ పలక ఏ నిమిషానిదో నా పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాల్ని చెత్త అన్నావట. చెత్త నీ లెక్కల్లో వెతుక్కో.

నీ మామ

ప్రియమైన మామయ్యగారికి,

చెత్త అనలేదు, పనికిరావన్నాను. మీ పలకల్లో నేను చూస్తున్న నక్షత్రం ఏడు గంటలకోసారి ఉబ్బి తగ్గుతుంది. తన జోడీ నక్షత్రం చుట్టూ తిరుగుతూ మనకు దూరమైనప్పుడు, వెలుగు రావడానికి ఎక్కువసేపు పట్టి, ఆ ఉబ్బు ఆలస్యంగా కనిపిస్తుంది, దగ్గరైనప్పుడు ముందుగా. ఆ నిమిషాల తేడాతోనే దాన్ని తూచాలి. మీ పుస్తకాల్లోని నిమిషాలతో తూస్తే నలభై సూర్యులంత వస్తోంది. రెండు దాటకూడదు. పాత పుస్తకాలు నమ్మదగినవి కావని నెలాఖరుకి వ్యాసంలో రాస్తున్నాను.

మీ అల్లుడు

ప్రియమైన మేధావికి,

నక్షత్రాన్ని ఉల్లిపాయల్లా తూస్తూ నాకు పాఠాలా? నా పుస్తకాల్లో ఒక్క కొట్టివేత చూపించు. ఆ మాట అచ్చయితే నా గడప తొక్కకు. కూతురు లోపలికి వస్తుంది, నువ్వు వీధిలో నిలబడు.

మామ

మామయ్యగారికి,

కొట్టివేతలు లేవు. తప్పంతా పంతొమ్మిది పేజీల్లో ఉంది. అవి తీసేస్తే బరువు ఒకటీ ముప్పావు సూర్యులు, సరిగ్గా సరిపోతుంది. కానీ నాకు నచ్చని పేజీలు నేనే తీసేస్తే అది దొంగ తూకం. ఆ పేజీల్లో చేతిరాత వేరు. ఎవరు రాశారో, ఎందుకో చెబితే మిగతావి నిలుస్తాయి. చెప్పకపోతే అన్నీ పోతాయి.

అల్లుడు

ప్రియమైన అల్లుడికి,

పది రోజులు నీమీద కోపంతోనే కూర్చున్నాను. ఇంకా పోలేదు.

అప్పట్లో నాకు రాయడం రాదు. నిచ్చెన మీంచి నేను "మూత తీశా", "మూశా" అని అరిస్తే, కింద గడియారం ముందు కూర్చుని మీ అత్త రాసేది. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఎవరికీ చెప్పలేదు. నేను రిటైరైన రోజున పెద్దసారు పుస్తకం తెరిచి, ఎంత పొందికైన అంకెలో అన్నాడు. ఆమె వెనక వరసలో చప్పట్లు కొట్టింది. నేను తలూపాను. ఈ నాలుగు అక్షరాలూ ఆ తరవాత ఆమె దిద్దించినవే.

నీ పెళ్లాం పుట్టినప్పుడు నెలన్నర ఆమె రాలేదు. నిమిషాలు గుర్తుపెట్టుకుని, పొద్దున్నే పక్కింటి దర్జీతో రాయించాను. గుర్తున్నాయనే అనుకున్నాను. నీ పంతొమ్మిది పేజీలూ అవే. అవి నావి, తీసెయ్.

మిగతావాటి కింద నా పేరు వేస్తే ఊరుకోను. మీ అత్త పేరు వెయ్యి, పూర్తిగా. బతికుండగా ఎవడూ వెయ్యలేదు, నాతో సహా.

మామ