ఆవిరే కదా, నాన్నా!

నా బంగారు నాన్నకి,

అమ్మ ఈపాటికి నీ చెవిలో ఊదే ఉంటుంది. అవును, నా బ్యాగులో దొరికింది రంగు పెన్ను కాదు, ఈ-సిగరెట్టే. ఫోన్ చేస్తే మధ్యలో అమ్మ లాక్కుని అరుస్తుంది కాబట్టి రాస్తున్నాను. ముందే చెప్తున్నా, ఇది క్షమాపణ ఉత్తరం కాదు. నేను తాగేది పొగ కాదు నాన్నా, ఆవిరి! నిప్పు లేదు, బూడిద లేదు, నీ పాత చొక్కాల కంపు లేదు. కమ్మగా మామిడిపండు వాసన. మా హాస్టల్లో సగం మంది దగ్గర ఉంది. వాళ్ళంతా సిగరెట్టు వాసనొస్తే ముక్కు మూసుకునే పిల్లలే.

నవ్వుతావేమో, మా షాపులో దానికో ఉద్యోగం కూడా ఇచ్చాను. వాయిద్యాల రిపేరంటే సగం పని గాలి ఎక్కడ పోతోందో కనిపెట్టడమే. మా మాస్టారు గదంతా చీకటి చేసి, క్లారినెట్ లోపల చిన్న బల్బు పెట్టి, వెలుతురు ఎక్కడ బయటికొస్తోందో వెతుకుతారు. నేనైతే ఒక్క దమ్ము లాగి లోపలికి ఊదుతాను. రంధ్రం మీది మూత సరిగ్గా పడని చోట తెల్లగా పొగ లేస్తుంది. చిటికెలో పని! మాస్టారు టీకి వెళ్ళినప్పుడే అనుకో.

చిన్నప్పుడు నీ సిగరెట్టు పెట్టెలు బియ్యం డబ్బాలో పూడ్చి నిన్ను మాన్పించినదాన్ని. ఏది మంచో ఏది చెడో నాకు తెలీదా? బెంగపెట్టుకోకు.

నీ డప్పు

డప్పూ,

నీ ఉత్తరం డిపోలో బస్సు కడిగిస్తూ చదివాను. పొగ కాదంటూనే పొగ లేస్తుందని రాశావు, పోనీలే. అమ్మ గోల అమ్మది. నువ్వు నాకంటే నాలుగు అక్షరాలు ఎక్కువ చదువుకున్నావు, నీ మాట కాదనడం ఎందుకని నేనూ ఒకటి కొన్నాను.

నిజం చెప్పనా? సిగరెట్టు మానినప్పటి నుంచి బుగ్గన లవంగం లేకుండా స్టీరింగు పట్టుకోలేదు. కోరిక చావలేదమ్మా. నీకు మాటిచ్చానని పళ్ళబిగువున లాక్కొచ్చాను. ఇన్నాళ్ళకి నువ్వే దారి చూపించావు. ఆవిరే కదా, మాట తప్పినట్టూ కాదు! నాది పుదీనా. ట్రిప్పుకి ముందొకసారి, తర్వాతొకసారి అనుకున్నాను. ఇప్పుడు బస్సు ఆగిన ప్రతిచోటా చెయ్యి జేబులోకే పోతోంది. లవంగాల డబ్బా కండక్టరుకి ఇచ్చేశాను. కాస్త దగ్గు ఉంది, చలికనుకుంటా. మామిడిపండుది ఇంకా బాగుంటుందా?

నీ నాన్న

నా పిచ్చి నాన్నా,

నీ ఉత్తరం చదివాను. నా మాట నువ్వు నమ్మినంతగా నేను కూడా నమ్మలేదు నాన్నా!

నీకు రాసిన మర్నాడే ఒక అమ్మాయి క్లారినెట్ పట్టుకుని షాపుకొచ్చింది. నా వయసే ఉంటుంది. అంతకుముందు నేను బాగుచేసి ఇచ్చిందే అది. సంగీత కాలేజీ ఎంపికలో వాయిస్తుంటే మూత అతుక్కుపోయి లేవలేదట. నేను ఊదిన ఆవిరి జిగురై మూతల కింది తోలుకి పట్టేసింది. "ఇది మామిడిపండు వాసనేంటి?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాను.

మాస్టారికి వాసన చూడగానే అర్థమైపోయింది, అయినా తిట్టలేదు. ఆ అమ్మాయికి ఇంకో అవకాశం ఇమ్మని తనే కాలేజీకి ఫోన్ చేసి ఒప్పించారు. నాచేత తోళ్ళన్నీ మార్పించి, "వాయించి ఇవ్వు" అన్నారు. బాగుచేసిన క్లారినెట్టుని ఒక్క ఊపిరిలో కింది స్వరం నుంచి పై స్వరం దాకా వాయించి చేతికివ్వడం మా షాపు పద్ధతి. చేరిన కొత్తల్లో నా గొప్పంతా అదే. సగంలో దగ్గొచ్చింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ సగంలోనే. చివరికి ఆ అమ్మాయే నా చేతిలోంచి తీసుకుని వాయించుకుంది. "ఊపిరి తెచ్చుకున్నాక రా, అందాకా పెట్టెలు తుడువు" అన్నారు మాస్టారు. ఉద్యోగం ఆ ఊపిరి మీదే ఉంది. అంత జరిగాక నేనేం చేశానో తెలుసా? బాత్రూములోకి వెళ్ళి దమ్ము లాగాను. అప్పుడు నిజంగా భయమేసింది.

ఇదంతా నీకు చెప్పకూడదనే అనుకున్నాను, పరువు పోతుందని. నా కోసం మానినదాన్ని నా మాట పట్టుకునే మళ్ళీ మొదలెట్టావు. ఇంకెక్కడి పరువు! వద్దు నాన్నా, పారెయ్యి. కాదు, పారేస్తే ఇంకోటి కొంటావు, నీ సంగతి నాకు తెలుసు. మీ డిపో డ్రైవరు బాబాయ్ చేతికి నాది ఇచ్చి పంపుతున్నాను. నువ్వు దాచు. నీది ఆయన చేతికే ఇవ్వు, నేను దాస్తాను. కండక్టరుని బతిమాలి లవంగాల డబ్బా వెనక్కి తీసుకో. అప్పుడు నేను నిన్ను మాన్పించాను, ఈసారి నువ్వు నన్ను మాన్పించు.

నీ డప్పు

డప్పూ,

నాది పంపాను. నీది ఎక్కడ దాచానో అమ్మకి కూడా చెప్పలేదు. బియ్యం డబ్బాలో మాత్రం కాదు, అక్కడ ముందు వెతికేది నువ్వే.

కండక్టరు డబ్బా తిరిగిచ్చాడు, అందులో సగం లవంగాలు పొట్లం కట్టి నీకు పంపాను. కొరకొద్దు, బుగ్గన పెట్టుకో. కొరికితే నోరు మండి రెండోరోజే విసుగొస్తుంది. చిరాకేసినప్పుడు నామీద అరిచెయ్యి, నేను నీమీద అరుస్తాను. బస్సు ఆగినప్పుడల్లా చెయ్యి ఇంకా జేబులోకే పోతోంది, లవంగాల డబ్బా తగులుతోంది.

ఏదైనా క్లారినెట్టు నీ ఒక్క ఊపిరిలో పైదాకా పలికిన రోజు ఫోన్ చెయ్యి. ఏమీ మాట్లాడకు, వాయించు. అమ్మ ఫోన్ లాక్కోకుండా నేను చూసుకుంటాను.

లవంగం బుగ్గన పెట్టుకుని,
నీ నాన్న