పేరు లేని వెండి గిన్నె

నరసరావుపేట

కృష్ణకుమారి పెద్దమ్మకు ఫణీంద్ర నమస్కారాలు.

ఫోన్లో నీకు వినపడదు, అరిచి అరిచి నా గొంతు పోతోంది. అందుకే ఉత్తరం. నువ్వు కుంకుడుకాయలు పోసుకునే వెండి గిన్నె ఉంది చూశావూ, తీగల్లా మెలికలు తిరిగిన పిడులది? అది మామూలుది కాదేమో. నూట పాతికేళ్ల కిందట యూరప్‌లో ‘ఆర్ట్ నూవో’ అని ఒక పద్ధతి వచ్చింది. గిన్నె చేసినా, చెంచా చేసినా పూలూ తీగలే. అలాంటి వెండి సామాను నేనిప్పుడు పోగుచేస్తున్నాను. అడుగున పేరుందేమో చూడు. పేరు లేని వస్తువును వందన ముట్టుకోదు.

ఇట్లు,
ఫణీంద్ర

తా.క. కుంకుడుకాయలు వేరే దాంట్లో పొయ్యి, నీకు పుణ్యముంటుంది.

* * *

కారంపూడి

చిరంజీవి ఫణీంద్రకు పెద్దమ్మ ఆశీస్సులు.

గిన్నె బోర్లించి చూశా. పేరూ లేదు, పాడూ లేదు. ఏవో పిచ్చి గీతలున్నాయి. అది సరే, వందన ఎవర్రా?

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. పొట్టా, పొడుగా?

* * *

నరసరావుపేట

పెద్దమ్మకు నమస్కారాలు.

ఆ పిచ్చి గీతలే చేసినవాడి ముద్ర! నేనడిగిన పేరు అదే. వాటి జోలికి వెళ్లకు. వందన ఇక్కడి కాలేజీలో చరిత్ర చెబుతుంది. వెండి గురించి నాకు నేర్పిందే తను. ఆదివారాలు ఇద్దరం కూర్చుని పాత చెంచాలు తుడుస్తాం. అంతే. నా మనసులో ఇంకా ఉంది గానీ చెప్పే ధైర్యం లేదు. చెబితే ఆ ఆదివారాలు కూడా పోతాయని భయం. గిన్నె మాత్రం తొందరగా పంపు.

ఇట్లు,
ఫణీంద్ర

తా.క. పొడుగే.

* * *

కారంపూడి

చిరంజీవి ఫణీంద్రకు ఆశీస్సులు.

ఇంత వయసొచ్చి చెంచాలు తుడవడమేందిరా! గీతలు పేరెట్లా అవుతాయి? సామాన్ల మీద పేర్లు కొట్టే సుభానీ దగ్గరికి గిన్నె పట్టుకెళ్లా. “పెద్దమ్మా, ఇది చానా పాతది, మిషను పెడితే చెడిపోద్ది” అన్నాడు. “పేరు కొట్టించకుండా మా ఇంట్లో గిన్నె బయటికి పోదు, కొట్టు నాయనా” అన్నా. నీ గీతలు ముట్టుకోలేదులే. వాటి పక్కనే ‘ఫణీంద్ర – వందన’ అని కొట్టించా. నీకు పంపితే దాచేస్తావని తిన్నగా ఆ పిల్ల కాలేజీకే పార్సిల్ చేశా.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. ఖాళీ గిన్నె పంపకూడదని సున్నుండలు నింపా. అవి తినేదాకా అడుగు కనపడదు, కంగారుపడబాక.

* * *

నరసరావుపేట

పెద్దమ్మా!

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు. వందన ఫోన్ ఎత్తడం లేదు. ఈ ఆదివారం రాలేదు. ఆ గిన్నె, నేను, ఇద్దరం ఒకేసారి నాశనమయ్యాం.

ఫణీంద్ర

తా.క. సున్నుండలు నాకెప్పుడైనా పంపావా?

* * *

మాచవరం

పెద్దత్తయ్యగారికి వందన నమస్కరించి రాయునది.

సున్నుండలు మా కాలేజీలో అందరికీ నచ్చాయి. చివరిది తీశాక అడుగు కనిపించింది. గిన్నె అసలైన ఆర్ట్ నూవోనే. పేర్లు కొట్టే మిషను పడ్డాక పోగుచేసేవాళ్లెవరూ ఇక దాన్ని కొనరు. పోనివ్వండి, నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని ఎన్ని ఆదివారాలు ఎదురుచూశానో! నాన్నతో మాట్లాడాలని మా ఊరు వచ్చాను. నాన్న సరేనన్నారు. వచ్చేవారం మీ ఇంటికి వస్తున్నాం. ఈ సంగతి ఫణీంద్రకు అప్పుడే చెప్పకండి, ఇంకో రెండు రోజులు కంగారుపడనివ్వండి.

ఇట్లు,
మీ వందన

తా.క. ఇంటిపేరు కొట్టించకుండా మంచిపని చేశారు. నాది మార్చుకోవాలో, ఆయనదే మార్పించాలో ఇంకా తేల్చుకోలేదు.