పెళ్లి పడవ ఆగిన సంగతి

అమ్మా, నేను క్షేమంగా అత్తవారి దీవి ఉకెరెవే చేరాను. పెళ్లి పడవ సరస్సు మధ్యలో ఆగిందట, అపశకునమట అని మన ఉకారా రేవులో ఎవరైనా అంటే నమ్మకు.

ఇంజను పొలమారినట్టు కుదిపి ఆగిపోయిన మాట నిజమే. గాలి మమ్మల్ని రాళ్లవైపు నెడుతోంది. మావారి మేనత్త న్యంజురా, "పిల్ల కాలు పెట్టిందో లేదో, పడవ మొండికేసింది!" అంది. నాకు ఒళ్లు మండింది. పెళ్లి బట్టలు ఎగదోపుకుని, ట్యాంకు అడుగు పెట్రోలు ఖాళీ సీసాలోకి ఒంపాను. పైన పెట్రోలు, కింద నీళ్లు!

"చూడత్తా, వానాకాలమంతా పీపాలో ఉండి నీళ్లు చేరిన పెట్రోలు పోశారు. నా కాలేం చేస్తుంది?" అన్నాను.

మావారు మగేసా నోరు తెరిచి చూస్తున్నారు. పడవలో దొరికిన స్పానరుతోనే విప్పి ఫిల్టరు, కార్బురేటరు కడిగి, గొట్టం కొత్త పెట్రోలు డబ్బాకు తగిలించి తాడు లాగాను. ఇంజను అందుకుంది. అందరికంటే ముందు ఆ మేనత్తే కేరింత కొట్టి పాట ఎత్తుకుంది!

ఎండబెట్టిన 'దగా' చిట్టిచేపలు వానకు తడవలేదు కదా? నాన్న దగ్గు తగ్గిందా? నా స్పానర్ల సంచీ వెంటనే పంపు. మామగారు నాకు వంటిల్లు ఇంకా చూపించలేదు, రేవులో ఉన్న పడవలన్నీ చూపించారు.

అందరినీ అడిగానని చెప్పు.
నీ న్యమీసి